జానెడు మోటారు కారు

పెట్టె మూతమీద నిగనిగలాడే కారు బొమ్మ వుంటుంది. వెనుక చక్రాలు పొగలు కక్కుతూ వుంటాయి. ఆత్రంగా మూత తీసి చూస్తే లోపల కారు వుండదు! గెలలకు కాయలు వేలాడినట్లు ప్లాస్టిక్ కొమ్మలకు వంద పైచిలుకు ముక్కలు వేలాడుతూ వుంటాయి. గోరంత సీటు, రూపాయి కన్న చిన్న స్టీరింగు చక్రం, నాలుగు టైర్లు, అద్దాలకని ఒక పలుచని పారదర్శకపు ముక్క, మడత పెట్టిన బొమ్మల కాగితం - అంతే సరంజామా.

"గిన్ని వేలు వోసి ఇరిగిపోయిన బొమ్మ తెచ్చినవా బిడ్డా?" అని ఏ నాయనమ్మ అయినా అడిగితే ఆమెది తప్పనటానికి లేదు. బజారులో బొమ్మ అంటే తయారై వచ్చేది. ఇది తయారు కాకుండానే వచ్చిన బొమ్మ. అయితే దీని విలువ అంతా ఆ తయారు కాకపోవటంలోనే వున్నది. తయారైన బొమ్మతో పిల్లవాడు నాలుగు రోజులు ఆడుకుంటాడు. తయారు కాని బొమ్మ నాలుగు వారాలు వాడి చేత పని చేయిస్తుంది. పని పూర్తయ్యేసరికి కారుతోపాటు మరొకటి కూడా తయారవుతుంది - చేయి.

ఆ చేయి ఎందుకు కావాలి, దానితో మనం ఏమి చేసుకోవాలి అన్నదే యీ వ్యాసంలోని ముచ్చట.

పెద్ద యంత్రాల నీడలో

జ్యోతినగర్ యంత్రాల చుట్టూ పుట్టిన వూరు. 1978 నవంబరు 14 న, బాలల దినోత్సవం నాడు, అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ గారు రామగుండం థర్మల్ విద్యుత్కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983 లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ కరెంటు యిచ్చింది. ఏడు యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి మొత్తం 2600 మెగావాట్లు అయ్యాయి. సింగరేణి గనుల నుంచి బొగ్గు రైళ్ళు వచ్చి, అడుగు తలుపులు తెరచి బొగ్గు దింపి, మళ్ళీ గనికి తిరిగి వెళుతూ వుంటాయి. ఆ పొగగొట్టాలను చూస్తూనే యిక్కడి పిల్లలు బడికి వెళతారు.

కాని చూడటం వేరు, తెలియటం వేరు. నాన్న పనిచేసే టర్బైను ఎలా వుంటుందో, బేరింగు ఎక్కడ కూర్చుంటుందో పిల్లలకు చూపటానికి ఆదివారం పూట దాన్ని యింటికి తీసుకురాలేము గదా! జానెడు కారు ఇంజనును మాత్రం భోజనాల బల్లమీద పెట్టి విప్పి చూపవచ్చు.

చిన్న నమూనా అంటే కేవలం పిల్లల ఆట అనుకోవటం పొరపాటు. కంప్యూటరు తెరమీద గీసే రోజులు రాకముందు పాశ్చాత్య దేశాలలో రసాయన కర్మాగారాలనూ, విద్యుత్కేంద్రాలనూ కట్టబోయే ఇంజనీర్లు ముందుగా ప్లాస్టిక్ గొట్టాలతో, రేకులతో చిన్న నమూనా కట్టి చూసుకునేవారు. ఏ గొట్టం ఏ దూలానికి తగులుతుందో, వాల్వు తిప్పే మనిషి నిలబడటానికి చోటు వున్నదో లేదో ఆ నమూనాలోనే తేలిపోయేది. కాగితంమీద దాగిన తప్పు నమూనాలో దాగదు.

వస్తాదు కార్లు

ఇంతకీ యీ పెట్టెలలో తరచుగా వచ్చే కారు ఏమిటి? అమెరికావారు దాన్ని 'మజిల్ కార్' అంటారు. మనం 'వస్తాదు కారు' అనుకోవచ్చు. వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు గారు రెండు మోటారు కార్లను గొలుసులతో పట్టి కదలకుండా ఆపేవారని మన పెద్దలు చెప్పుకునేవారు. ఈ కార్లు మాత్రం ఆయనను కూడా కాసేపు చెమటలు పట్టించి వుండేవేమో!

కథ 1964 లో మొదలయిందంటారు. ఆ ఏడు పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజనును బిగించింది. కారు పేరు జి.టి.ఓ.; ఇంజను 6.4 లీటర్లు. శరీరం తేలిక, బలం ఎక్కువ - వస్తాదు సూత్రం అదే. కుర్రకారు ఎగబడి కొన్నారు. మిగతా కంపెనీలూ వూరుకోలేదు. డాడ్జ్ చార్జర్ కారులో 7.2 లీటర్ల ఇంజను కూడా వచ్చింది. మన అంబాసిడరు ఇంజను 1489 సి.సి.; అంటే అటువంటివి దాదాపు అయిదు కలిస్తే ఆ ఒక్క ఇంజను!

ఈ వైభవం పదేళ్ళు కూడా నిలువలేదు. భీమా రుసుములు పెరిగాయి. పొగమీద చట్టాలు వచ్చాయి. 1973 లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు బంకుల ముందు బారులు తీర్చింది. వస్తాదు కార్లు ఒక్కొక్కటే తుక్కు బజారు దారి పట్టాయి. కాని వాటి నమూనాలు పోసిన ఉక్కు అచ్చులలో కొన్ని భద్రంగా మిగిలాయి. అరవైలలో చేసిన అచ్చులనే మళ్ళీ మళ్ళీ బయటికి తీసి కంపెనీలు కొత్త పెట్టెలు అమ్ముతూ వచ్చాయి. అసలు తుక్కయింది, నమూనా మిగిలింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివరికి మళ్ళీ అవసరం పడుతుంది.

ఒక పెట్టె, మూడు కార్లు

ఈ నమూనాల పుట్టుక కూడా తమాషాగానే వుంటుంది. రెండవ ప్రపంచయుద్ధం అయిన తర్వాత అమెరికాలో కార్లు అమ్మే దుకాణాలవారు కొత్త కారు నమూనాలను చేయించి, కొనటానికి వచ్చినవారి పిల్లలకు యిచ్చేవారు. పిల్లవాడు బొమ్మను వదలడు, తండ్రి కారును వదలలేడు! మిచిగాన్ రాష్ట్రంలో ఎ.ఎం.టి. అనే కంపెనీ యీ బొమ్మలు చేసేది. 1958 లో ఆ కంపెనీవారు బొమ్మను ముక్కలుగానే పెట్టెలో పెట్టి అమ్మటం మొదలుపెట్టారు. అందులో అదనపు ముక్కలు కూడా వేశారు. అదే పెట్టెతో మూడు విధాలుగా కారు కట్టవచ్చు: కంపెనీ అమ్మినట్లు, స్వంత సోకులతో మార్చినట్లు, పందెపు కారులాగా. ఎవరికి తోచినట్లు వారు కట్టుకోవచ్చునన్న ఆ మాటే పిల్లలను కట్టి పడేసింది.

కాలిఫోర్నియాలో కార్లను చిత్రవిచిత్రంగా మార్చే జార్జ్ బారిస్ వంటి పనివాళ్ళను కంపెనీలు పిలిపించి ఆ అదనపు ముక్కలకు సలహాలు తీసుకున్నాయి. ఎడ్ రాత్ అనే మరొక పనివాడు తన కార్ల నమూనాలు అమ్ముకోనిచ్చినందుకు రెవెల్ కంపెనీ నుంచి పెట్టెకు ఒక్క సెంటు చొప్పున తీసుకున్నాడట. సెంటు సెంటూ చేరి పెద్ద మొత్తమే అయింది.

పాతిక వంతు లెక్క

అమెరికా కారు నమూనాలలో ఎక్కువ భాగం పాతిక వంతు కొలతలో వుంటాయి. అసలు కారులో పాతిక సెంటీమీటర్లు, నమూనాలో ఒక్క సెంటీమీటరు. 1970 నాటి డాడ్జ్ చార్జర్ - మన కుర్రవాళ్ళు 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' చిత్రంలో చూసిన నల్ల కారు - 5.28 మీటర్ల పొడవు. పాతికతో భాగిస్తే 21 సెంటీమీటర్లు. సరిగ్గా జానెడు!

పొడవు పాతిక వంతయితే బరువు కూడా పాతిక వంతే అనుకునేరు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గదా. 25 ను 25 తోనూ, మళ్ళీ 25 తోనూ హెచ్చవేస్తే 15,625. పదిహేడు వందల కిలోల కారు, అదే లోహంతో యీ కొలతకు చేస్తే, నూటపది గ్రాములకు మించదు. ఏడవ తరగతి పిల్లవానికి ఘనాల పాఠం యింతకన్న బాగా ఎవరు చెబుతారు?

ఇక రంగు సంగతి. నమూనామీద రంగు పొర పదోవంతు మిల్లీమీటరు మందంగా పడిందనుకోండి. అసలు కారు లెక్కలో అది రెండున్నర మిల్లీమీటర్లు. అంటే కారుకు సున్నం మెత్తినట్లే. పావు మిల్లీమీటరు బొగ్గు నలుసు పడితే కారుమీద ఆరు మిల్లీమీటర్ల రాయి అతుక్కున్నట్లు. అందుకే యీ పనిలో తొందరా, మందమూ రెండూ పనికిరావు.

కొండపల్లి దారిలోనే

పద్ధతి విదేశాలది అనిపిస్తుందిగాని, మన బొమ్మలవాళ్ళు తరాలుగా నడిచిన దారే యిది. కొండపల్లి పనివారు తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, కాళ్ళూ చేతులూ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి, ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, ఆ పైన రంగులు వేస్తారు. ప్లాస్టిక్ కారు కట్టే వరుస కూడా అచ్చం యిదే.

మొదట ముక్కలను సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. అచ్చులో నుంచి సులభంగా వూడటానికి వాడిన నూనె వాటిమీద వుండవచ్చు. నూనెమీద రంగు నిలవదు. ముక్కను కొమ్మ నుంచి మెలిపెట్టి తుంచకూడదు. చిన్న కటింగు ప్లయరుతో కాస్త తొడిమ వదిలి కత్తిరించి, ఆ తొడిమను తర్వాత బ్లేడుతో చెక్కి, నీళ్ళ కాగితంతో రుద్దాలి. రెండు అచ్చులు కలిసినచోట ప్రతి ముక్కమీదా సన్నని గీత వుంటుంది. బ్లేడు వీపుతో గీకితే పోతుంది. ఈ గీత పోయిందా లేదా అన్నదాన్నిబట్టే చేయి తిరిగినవాడెవడో, తిరగనివాడెవడో చెప్పవచ్చు.

జిగురు పెట్టేముందు ముక్కలను వట్టిగానే అమర్చి చూడాలి. ఈ జిగురు మామూలు బంక కాదు. రెండు వైపులా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. ఒక విధంగా వెల్డింగు! అతికిన తర్వాత వూడదీయటం కష్టం. అద్దాలకు మాత్రం దాన్ని వాడకూడదు, మసకబారుతాయి. తెల్లని ఫెవికాల్ చుక్క చాలు, ఆరితే కనిపించదు.

సందులను పుట్టీతో పూడ్చాలి - అదే మన మక్కు. దానిమీద బూడిదరంగు ప్రైమరు - అదే మన సున్నం. ప్రైమరు కొట్టగానే అంతవరకు కంటికి కనపడని గీతలు, గుంటలు అన్నీ బయటపడతాయి. అప్పుడు నిరుత్సాహపడరాదు. తప్పులు చూపటమే దాని పని. దిద్దుకోవటం మన పని. మళ్ళీ రుద్ది మళ్ళీ కొట్టాలి.

కారు ఒంటిని, బానెట్టును, తలుపులు వేరుగా వుంటే వాటిని ఒకేరోజున ఒకే డబ్బాతో కొట్టాలి. లేకపోతే రంగు తేడా వస్తుంది. ఒక్క దెబ్బకు నిండుగా కొట్టక, మంచు పడినట్లు పలుచగా మూడు నాలుగు పూతలు వేయాలి.

బొగ్గు సీమలో రంగు పని

ఇక్కడే జ్యోతినగర్, గోదావరిఖని వాసులకు ప్రత్యేకమైన చిక్కు వున్నది. ఉదయం తుడిచిన కిటికీ గట్టుమీద సాయంత్రం వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. తడి రంగుకు అటువంటి గాలి పరమ శత్రువు. దానికి మన యిల్లాండ్రకు ఎప్పటినుంచో తెలిసిన మందు వుంది: కళ్ళాపి! రంగు కొట్టే గదిలో ముందుగా నేలమీద నీళ్ళు చిలకరిస్తే దుమ్ము లేవదు. నిజం కార్లకు రంగు వేసే షెడ్డులలో కూడా నేల తడుపుతారు. కొట్టిన వెంటనే ముక్కమీద పెద్ద గిన్నెనో ప్లాస్టిక్ డబ్బానో, దేనికీ తగలకుండా, బోర్లించి వుంచాలి.

రెండవది వాతావరణం. రామగుండం ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడిలో మధ్యాహ్నం పూట రంగు కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్లు పడుతుంది. తెల్లవారుజామున కొట్టుకోవాలి. వానాకాలం ముసురులో కొడితే గాలిలోని తేమ వల్ల పైన తెల్లని మసక పట్టే ప్రమాదం వుంది. వానరోజులను ఇంజను పనికి, లోపలి సీట్ల పనికి కేటాయించుకోవటం మంచిది. కార్తిక మాసం నుంచి మాఘం దాకా రంగు పనికి మంచి ముహూర్తాలే.

మార్చటంలో మర్మం

పెట్టెలో చెప్పినట్లు కడితే అది కంపెనీవారి కారు. దాన్ని మార్చినప్పుడే అది మీ కారు. అయితే మార్పుకు కూడా ఒక ధర్మం వుంది.

ముందుగా సులభమైనవి. చక్రాల యిరుసును రెండు మిల్లీమీటర్లు పైకి జరిపితే కారు నేలకు దిగుతుంది. అసలు లెక్కలో అయిదు సెంటీమీటర్లు. ఆ కాస్తలోనే కారు పొంచివున్న పులిలా కనిపిస్తుంది. తర్వాత ఇంజను. ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు ఎనిమిది ప్లగ్గు తీగలు కావాలి. పెట్టెలో సాధారణంగా వుండవు. అసలు తీగ ఏడెనిమిది మిల్లీమీటర్ల లావు. పాతికతో భాగిస్తే 0.3 మిల్లీమీటరు. మోటార్లు రివైండింగు చేసే దుకాణంలో 30 నంబరు రాగి తీగ అడగండి. దాదాపు అదే లావు. పారేసే ముక్కలు చాలు. క్రిస్లర్ కంపెనీ యీ ఇంజనులలో మంట అంటుకునే వరుస 1-8-4-3-6-5-7-2. ఆ వరుసలోనే తీగలు కలిపితే తెలిసినవారు చూసి తల వూపుతారు. తెలియనివారికి అది ఎందుకు అలా వున్నదో చెప్పటానికి ఒక సాయంత్రం చాలదు!

మందుబిళ్ళల పట్టీమీది వెండిరేకు పలుచగా వుంటే కిటికీ అంచులకు పనికివస్తుంది. చొక్కా పెట్టెల పారదర్శకపు మూత అద్దమవుతుంది. బాల్‌పాయింటు పెన్ను రీఫిలు పొగగొట్టమవుతుంది. ఇంట్లో చెత్త అనుకున్నదంతా కొలబద్ద పెట్టి చూడగానే సామాను అయిపోతుంది.

ఇక కష్టమైనది - కప్పు తగ్గించటం. స్తంభాలను మూడు మిల్లీమీటర్లు కోసి కప్పును కిందికి దింపుతారు. అసలు కారులో ఏడున్నర సెంటీమీటర్లు తగ్గినట్లు. చూపుకు ఎంతో సొగసుగా వుంటుంది. కాని కప్పు దిగగానే ముందు అద్దం సరిపోదు, అద్దం మార్చితే వెనుకదీ మార్చాలి, సీటు దించాలి, సీటు దించితే స్టీరింగు దించాలి. ఒక్క మార్పు తన వెంట పది మార్పులను తోడు తెచ్చుకుంటుంది. అయిదడుగుల ఆరంగుళాల మనిషి యీ కొలతలో 6.7 సెంటీమీటర్లు. ఆ మనిషిని అట్టతో కత్తిరించి, నడుము దగ్గరా మోకాళ్ళ దగ్గరా మడిచి సీటులో కూర్చోబెట్టి చూడండి. తల కప్పుకు తగిలితే మీది కారు కాదు, వట్టి బొమ్మ. కొలత తెలిసి దాటటం కళ. తెలియక దాటటం పొరపాటు.

రంగులో మాత్రం పూర్తి స్వేచ్ఛ. 1970 లో డాడ్జ్ వారే 'ప్లమ్ క్రేజీ' అని అచ్చం మన వంకాయ రంగు కార్లు అమ్మారు!

హైదరాబాదులో వంకాయ కారు

వంకాయ అంటే గుర్తుకు వచ్చేది మన కె. సుధాకర్ గారు. హైదరాబాదు బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాలకు దగ్గరలో, 2010 లో తెరచిన సుధా కార్స్ మ్యూజియం ఆయనదే. అక్కడ వంకాయ కారు నిజంగానే వుంది. బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు, పెన్ను కారు, కెమెరా కారు, కంప్యూటరు కారు - చూసినవారు మొదట నవ్వుతారు, తర్వాత అవి నడుస్తాయని తెలిసి నివ్వెరపోతారు. చిన్ననాడు తుక్కు సామానుతో మొదలుపెట్టిన పని అది. 2005 జూలై 1 న హైదరాబాదులో ఆయన తొక్కి చూపిన మూడు చక్రాల సైకిలు 12.67 మీటర్ల ఎత్తు. ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

నమూనాలు కట్టేవారు పెద్ద కారును జానెడు చేస్తారు. సుధాకర్ గారు జానెడు బూటును కారంత చేశారు. దిశ వేరుగాని విద్య ఒకటే. బూటు లేసు ఎంత లావు వుండాలి, లోపల మనిషి ఎక్కడ కూర్చోవాలి, చక్రం ఎక్కడ దాగాలి - కొలత తప్పితే బూటు బూటులా వుండదు, బండి బండిలా నడవదు. మార్చటమనే పనిలో మన తెలుగువాడు ఎవరికీ తీసిపోడని చెప్పటానికి యింతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇంటివారికి నాలుగు మాటలు

ఈ సరదాకు ఖర్చు వుంది. పరదేశపు పెట్టె వేల రూపాయలలో వుంటుంది. అందుచేత ఏడాదికి ఒకటి చాలు; పుట్టినరోజుకో, పరీక్షలు అయిన తర్వాతనో. ఒక పెట్టెను నాలుగు వారాలు కడితే అది సినిమాలకన్న ఖరీదు కాదు.

జిగురూ, స్ప్రే రంగూ ఘాటైనవి, నిప్పు అంటుకునేవి. కిటికీలు తెరచి, మాస్కు కట్టుకొని, వంటింటి స్టవ్వుకు, దేవుని దీపానికి దూరంగా వాడాలి. బ్లేడు ఎప్పుడూ మనకు ఎదురుగా కాక బయటివైపుకే నడవాలి. పన్నెండేళ్ళ లోపువారి పక్కన పెద్దవారు కూర్చుని తీరాలి. చంటిపిల్లలున్న యింట్లో ముక్కలను మూత వున్న డబ్బాలలో పెట్టాలి.

మరొక మాట. పిల్లవాడు కడుతూంటే పెద్దవాళ్ళు చేతిలోనుంచి లాక్కుని "ఇట్లా గాదు, నేను చేస్త చూడు" అనకండి. వంకరగా అతికిన బంపరు వాడిది. మరుసటి పెట్టెలో వాడే దాన్ని సరిచేసుకుంటాడు. అలాగే యిది మగపిల్లల సొత్తు అనుకోవద్దు. సన్నని ముగ్గు గీత వణకకుండా వేసే చేతికి రంగు గీత ఒక లెక్కా?

చేయి తిరిగిన తర్వాత

ఇప్పుడు ముందు గుర్తు పెట్టుకోమన్న మాటకు వద్దాం: అసలు తుక్కయినా నమూనా మిగులుతుంది.

నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టినప్పుడు నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను ఎత్తి కొండమీదికి చేర్చారు. లోయ అంతటినీ ఎత్తలేరు గదా! అందుకని మునిగిన లోయ ఎలా వుండేదో చూపే చిన్న నమూనాను మ్యూజియంలో వుంచారు. నీళ్ళ అడుగున ఏ విహారం ఎక్కడ వుందో నేటి పిల్లవాడికి అది చూపుతుంది. కొలత తప్పని చేయి ఎవరిదో ఆనాడు వుండబట్టే అది సాధ్యమయింది.

మన బొగ్గు సీమలో కూడా ఎన్నో వస్తువులు మన కళ్ళముందే మాయమవుతున్నాయి. తట్టా చెమ్మసులతో బొగ్గు నింపిన రోజులు పోయి యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తాడు లాగిన బొగ్గు టబ్బు ఒకటో రెండో గుర్తుగా కూడలిలో నిలబడి వుంటుంది. ఆఫీసర్ల వాకిళ్ళలో తెల్లగా నిలిచే అంబాసిడరు 2014 లో తయారీయే ఆగిపోయింది. డాడ్జ్ చార్జరుకు అమెరికాలో పెట్టెలున్నాయి. సింగరేణి టబ్బుకు పెట్టె ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు. మనమే చేసుకోవాలి.

అది అసాధ్యమేమీ కాదు. రెండు మూడు పెట్టెలు కట్టిన చేతికి ఆ పాటి నేర్పు వచ్చి వుంటుంది. కూడలిలోని టబ్బు దగ్గరికి ఒక టేపూ, నోటు పుస్తకమూ తీసుకువెళ్ళండి. పొడవు, వెడల్పు, ఎత్తు, చక్రం అడ్డకొలత, రివెట్ల వరుస - అన్నీ కొలిచి పాతికతో భాగించి ప్లాస్టిక్ రేకుమీద గీసుకోండి. రేకు కోయటం, అతకటం, పుట్టీ పెట్టటం మీకు వచ్చినవే. అంబాసిడరు గుండ్రని ఒంటికి రేకు లొంగదు. దానికి గోదావరి ఎగువన నిర్మల్ పనివాళ్ళు బొమ్మలు చెక్కే పొణికి కర్ర ముక్క మేలు. పొడవు 17 సెంటీమీటర్లు, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 9.9 సెంటీమీటర్లు, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంట్లో ఒకప్పుడు గనిలో దిగిన తాతగారు వుంటే ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి. టబ్బుకు కొక్కెం ఎటువైపు వుండేదో, తాడు ఎలా తగిలించేవారో ఏ పుస్తకమూ చెప్పనిది ఆయన చెబుతారు. కొలిచి గీసుకున్న కాగితాలను పారేయకుండా నమూనాతోపాటే దాచి, అడుగున సంవత్సరమూ, కట్టినవారి పేరూ రాసి వుంచండి. పరాయి దేశపు కారుమీద తిరిగిన చేయి మన వూరి వస్తువును నిలబెట్టిననాడు, ఆ వేల రూపాయలకు లెక్క సరిపోయినట్లే.